ఎపాక్సీ జిగురు: పని ముగిసిన పిమ్మట పనిముట్ల శుభ్రత

(మర్రిగూడలో చేతిపనులవారి నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పేరులోనే మర్రిచెట్టును నిలుపుకొన్న గ్రామమిది. ఇట్టిచోట జిగురును గూర్చి మాటలాడుట ఒక విధముగా సులభము. మర్రియాకును త్రుంచినచో పాలు కారును. ఆ పాలు చేతికంటినచో ఎన్ని నీళ్ళతో కడిగినను పోవు. నూనె రాచి తుడిచినచో పోవును. ఈ సంగతి పశువులను కాయు బాలునికి సయితము తెలియును. ఏ జిడ్డు దేనితో పోవునో, ఏ వేళకు పోవునో ఎరుగుటయే శుభ్రతలోని విద్య. నేడు మేము చెప్పదలచినదియు అట్టి విద్యయే. అయితే మర్రిపాలకంటె ఈ జిగురు మిక్కిలి మొండిది. పైగా మర్రిపాలవలె నిరపాయకరమైనది కాదు.

ఎపాక్సీ అను మాట మీలో కొందరికి క్రొత్తగా తోచవచ్చును గాని, వస్తువు క్రొత్తది కాదు. రెండు గొట్టములుగాగాని, రెండు డబ్బాలుగాగాని అమ్మెడు జిగురు ఇదియే. నీటిగొట్టము కారినప్పుడు రెండు రంగుల ముద్దలను చేతితో పిసికి అంటించు మందును మీరందరు చూచియే యుందురు. అదియు ఈ కుటుంబములోనిదే. పగిలిన సిమెంటు తొట్లకు, విరిగిన యంత్రభాగములకు, కర్రపనికి, కర్మాగారముల నేలలకు దీనిని వాడుచున్నారు. మాల్, ఇబ్రహీంపట్నముల మీదుగా హైదరాబాదు నగరమునకు పోయి టైల్సు పని చేయువారికి, స్నానపుగదులలో పలకల సందులను నింపు ఎపాక్సీ బాగుగా పరిచితమే. స్విట్జర్లాండులో కాస్టన్, అమెరికాలో గ్రీన్లీ అను రసాయన శాస్త్రజ్ఞులు 1930, 1940 దశకములలో వేర్వేరుగా చేసిన కృషివలన ఈ పదార్థము వాడుకలోనికి వచ్చినది. సీబా అను స్విస్ కంపెనీ 1946 ప్రాంతమున దీనిని ఆరల్డైట్ అను పేరున బజారులోనికి తెచ్చెను. ఎనుబది ఏండ్లు కావచ్చినను, అంటించుట నేర్చినంత శ్రద్ధతో కడుగుట నేర్చినవారు అరుదు. పని నేర్పు మేస్త్రీ సయితము, ‘అంటుకొన్న తరువాత కదలదు’ అని గర్వముగా చెప్పునేగాని, తన తాపీకి అంటుకొన్నదానిని ఏమి చేయవలెనో చెప్పడు.

ముందుగా మా అనుభవమొకటి విన్నవించెదము. ఒక మే నెల మధ్యాహ్నమున మేము అరకిలో జిగురును ఒక ప్లాస్టిక్ మగ్గులో ఒకేసారి కలిపితిమి. పని ఆరంభింపబోవుచుండగా ఎవరో టీ త్రాగుటకు పిలిచిరి. తిరిగి వచ్చునప్పటికి మగ్గునుండి పొగ లేచుచుండెను. అడుగు మెత్తబడి వంగిపోయెను. లోపలి జిగురు తేనెరంగు రాయి అయ్యెను. ఆ రాతిలో మా బ్రష్షు నిటారుగా నిలిచియుండెను. క్రొత్త తాపీ ఒకటి దానికి తోడుగా నుండెను. నిప్పు లేదు, పొయ్యి లేదు, ఆ వేడి ఎక్కడిదని ఆశ్చర్యపడితిమి. తప్పు డబ్బాది కాదు, టీ పిలుపుది అంతకంటె కాదు. జరుగుచున్నదేమో తెలియక పనికి దిగిన మాదే తప్పు.

ఏమి జరుగునో వినుడు. ఒక డబ్బాలో రెజిన్ ఉండును. రెండవదానిలో గట్టిపరచు మందు, అనగా హార్డెనరు ఉండును. పాలలో తోడు వేసినట్లు ఈ రెండును కలిసినప్పుడు మార్పు మొదలగును. పేరుకొన్న పెరుగు మరల పాలు కానట్లే, బిగిసిన ఎపాక్సీ మరల ద్రవము కాదు. లక్కతో దీనిని పోల్చరాదు. లక్క వేడికి కరగును, చల్లారినంతనే గట్టిపడును, మరల కరగును. హైదరాబాదు లాడ్ బజారులోని గాజులవారు దినమంతయు చేయుచుండు పని అదియే. ఎపాక్సీకి ఆ గుణము లేదు. పచ్చియిటుక నీటిలో కరగునుగాని కాల్చిన యిటుక కరగనట్లు, దీనికిని పచ్చిదశ యొకటి, కాలినదశ యొకటి కలవు. శుభ్రపరచు పనియంతయు పచ్చిదశలోనే జరుగవలెను.

తోడు ఉపమానమును మరీ దూరము సాగింపరాదు. తోడు ఎక్కువైనచో పెరుగు త్వరగా పుల్లబడును, అంతే. ఇచ్చట హార్డెనరు ఎక్కువ వేసినచో పని త్వరపడదు. మిగిలిపోయిన మందు జతలేక లోపలనే నిలిచి, అతుకు మెత్తగా, జిగటగా ఉండిపోవును. కొన్ని రకములకు రెండును సమపాళ్ళు, కొన్నింటికి రెండు పాళ్ళకొకటి, మరికొన్నింటికి వేరొక లెక్క. డబ్బాపై వ్రాసిన లెక్కయే ప్రమాణము.

రెండును కలియునప్పుడు వేడి పుట్టును. పలుచగా పరచినచో ఆ వేడి గాలిలోనికి పోవును. మగ్గులో కుప్పగా నున్నచో బయటికి పోలేక ఆ వేడియే మార్పును మరింత త్వరపరచును. మా మగ్గు పొగలు క్రక్కుటకు కారణమిదియే. ఇంచుమించు ప్రతి 10 డిగ్రీల ఉష్ణమునకు గట్టిపడు వేగము రెట్టింపగును. 25 డిగ్రీలయొద్ద గంటసేపు నిలుచు రకము 35 డిగ్రీలయొద్ద అరగంటలో బిగియవచ్చును. నల్లగొండ సీమలో మే నెలలో 40 డిగ్రీలు దాటుట వింతకాదు గదా! కావున వేసవిలో ఉదయముననే పని పెట్టుకొనుడు. కొద్దికొద్దిగా కలుపుకొనుడు. లోతైన పాత్ర విడిచి వెడల్పైన పళ్ళెములో పరచుకొనుడు.

పనిముట్ల రక్షణ పని మొదలుకాకముందే ఆరంభమగును. పాలిథీన్‌కు, పాలీప్రొపిలీన్‌కు ఎపాక్సీ అంటదు. మెత్తని ప్లాస్టిక్ పెరుగుడబ్బాలో కలిపినచో, మరునాడు డబ్బాను వంచినంతనే బిగిసిన పెంకు టప్పున ఊడి వచ్చును. ఇంతకంటె సులభమైన శుభ్రత లేదు. తాపీ పిడికి పాలిథీన్ సంచి చుట్టుడు. కొందరు పిడులకు గ్రీజు పూయుదురు. ఆ గ్రీజు చేతిద్వారా అతుకు మీదికి చేరినచో అతుకు నిలువదు. కావున ఆ పద్ధతి మాకు రుచింపదు. బ్రష్షు విషయములో పొదుపును కొంత విడువవలెను. చవుక బ్రష్షుతో పని చేసి పారవేయుట ఒక్కొక్కప్పుడు దానిని కడుగుటకగు ద్రావకము వెలకంటె లాభము. మంచి తాపీ, పుట్టీబ్లేడు, కత్తెర, కొలబద్ద, ఇవి కాపాడుకొనదగినవి.

పని ముగిసినది. ఇప్పుడు ఏమి చేయవలెను? చాలమంది వెంటనే సీసా మూత తీయుదురు. అది పొరపాటు. మొదట పొడిగుడ్డతోనో పాతకాగితముతోనో, గట్టిగా రెండుమార్లు మూడుమార్లు తుడువవలెను. జిగురులో అధికభాగము ఈ తుడుపుతోనే పోవును. దీనిని విడిచి నేరుగా ద్రావకములో ముంచినచో జిగురు పలుచనై అంతటను పులుముకొనును. తుడిచిన పిమ్మట అసిటోన్‌లోగాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలులోగాని తడిపిన గుడ్డతో తుడువవలెను. గోళ్ళరంగు తీయు మందుగా మన ఆడపిల్లలు ఎరిగిన ద్రావకములలో అసిటోన్ ఒకటి. ఇట్టి పని నిత్యము చేయువారు రెండు మూతగల లోహపు డబ్బాలు ఉంచుకొనవలెను. మొదటిదానిలో మురికి కడుగుట, రెండవదానిలో తేర్చుట. మొదటిది మురికిపట్టి అడ్డి దిగినప్పుడు పై తేటను వంచుకొని మరల వాడవచ్చును.

అసిటోన్ దొరకనిచోట తెల్ల సిర్కా, అనగా వెనిగరు, కొంత పని చేయును. గట్టిపరచు మందు క్షారగుణము గలది, సిర్కా పులుపు. ఒకటి రెండవదాని బలమును విరిచివేయును. అయితే ఇది పచ్చిజిగురుకే. సిర్కాతో తుడిచిన ఇనుప పనిముట్టును నీట కడిగి, ఆరబెట్టి, నూనె పూయనిచో మరునాటికి త్రుప్పు పట్టును. కిరసనాయిలు చాలదా యని మమ్ము అడుగువారు ప్రతిచోట ఉందురు. ఆయిలు పెయింటుకు అలవాటుపడిన చేయి కిరసనాయిలునే వెదకును. ఎపాక్సీని అది కరిగింపదు. జిడ్డుమీద జిడ్డు చేర్చును, అంతే.

పలకల సందులు నింపువారికి వేరొక వెసులుబాటు కలదు. ఆ పనికై చేయు ఎపాక్సీలు పెక్కింటిలో, పచ్చిదశయందు నీటితో తుడుచుటకు వీలగునట్లు ఒక పదార్థమును చేర్చుదురు. నీట తడిపి పిండిన స్పాంజితో పలకలను, అదే నీటితో పనిముట్లను శుభ్రపరుపవచ్చును. నీటిని మాటిమాటికి మార్చవలెను. ఒకే బకెట్టు నీటితో గదియంతయు తుడిచినచో మరునాడు పలకలన్నిటిమీద మంచుతెరవంటి మసక నిలుచును. ఇంటి యజమాని కూలి కోయుటకు అదియే కారణమగును.

ఆలస్యమై, జిగురు పాకమువలె సాగుచున్నప్పుడు ద్రావకమును వృథాచేయవలదు. ప్లాస్టిక్ చీలికతో గీకివేసి, మిగిలినదానిని పూర్తిగా బిగియనీయుడు. ఆ నడిమిదశ అన్నిటికంటె చికాకైనది. బిగిసిన పిమ్మట ఉపాయము వేరు. గదివేడిలో బిగిసిన ఎపాక్సీలు పెక్కు, నీరు మరుగు వేడిలో కరగవు గాని మెత్తబడును. లోహపు పనిముట్టును ఆరుబయట, వంటకు వాడని పాత్రలో, మరుగునీట కొంతసేపుంచి, పట్టుకారుతో వెలికితీసి, వేడి తగ్గకముందే గీకవలెను. పెంకులుగా లేచివచ్చును. వేడిగాలి యంత్రమున్నవారు దానిని వాడవచ్చును. నిప్పుమీద మాత్రము పెట్టరాదు. కాలుచున్న ఎపాక్సీ పొగ విషము. ఉక్కు పదును చెడుట దానికి తోడు. రంగు ఊడదీయు ఘాటైన మందులలో మిథిలీన్ క్లోరైడు అను ద్రవముండెడిది. అది బిగిసిన ఎపాక్సీని కదలించునుగాని, మూసిన గదులలో దానిని పీల్చి మనుష్యులు మరణించిన ఉదాహరణములున్నవి. అమెరికా ప్రభుత్వము 2019లో గృహవినియోగపు రంగు తొలగించు మందులలో దానిని నిషేధించి, 2024లో ఇంకను పెక్కు ఉపయోగములను ఆపివేసెను. ఒక తాపీకొరకు అట్టి మందు జోలికి పోనక్కరలేదు.

ఇంతవరకు పనిముట్ల మాట. అన్నిటికంటె విలువైన పనిముట్టు చేయి. ఈ భాగమును మీరు శ్రద్ధగా వినవలెనని మా ప్రార్థన.

చాకలి సోదరులు బట్టలకు గుర్తులు పెట్టు నల్లజీడిని మీరెరుగుదురు. ఆ రసము సోకినచో కొందరికి ఒడలు పొంగి బొబ్బలెక్కును. ఒకసారి జీడి పడనివారికి తరువాత కొంచెము తగిలినను కష్టమే. ఎపాక్సీ పచ్చిజిగురు గుణమును ఇట్టిదే. తొలిదినముననే తెలియదు. వారములు, నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచిన తరువాత వ్రేళ్ళసందున దురద, ఎర్రదనము, పగుళ్ళు కనిపించును. శరీరము ఆ పదార్థమును శత్రువుగా గుర్తు పెట్టుకొనినదని అర్థము. ఆ గుర్తు సాధారణముగా జీవితాంతము చెరగదు. అటుపిమ్మట చేతొడుగు వేసికొన్నను, ప్రక్కవాడు కలుపుచున్న జిగురు ఆవిరికే కనురెప్పలు వాచువారు కలరు. మేస్త్రీగా పేరు తెచ్చుకొని, మంచి కూలి గడించు వయసులో, ఆ పనినే విడువవలసి వచ్చును. నలుగురిని పోషించు చేయి ఒక దురదవలన నిలిచిపోవుట చిన్న నష్టము కాదు.

ఈ ముప్పు ఎక్కువగా సంభవించునది అతికించునప్పుడు కాదు, కడుగునప్పుడే. అతికించునప్పుడు జిగురు తాపీమీద ఉండును. కడుగునప్పుడు చేతులమీదికి వచ్చును. చేతికంటిన జిగురును అసిటోన్‌తోనో థిన్నరుతోనో కడుగు అలవాటు అన్నిటికంటె చెడ్డది. చూచుటకు చేయి తెల్లగా శుభ్రమగును. కాని ద్రావకము చర్మపు సహజమైన జిడ్డును లాగివేసి, జిగురును పలుచచేసి లోపలికి పంపును. సిర్కాను గూర్చి మేము చెప్పినదియు పనిముట్లకే, చేతికి కాదు. చేతికంటినచో వెంటనే పొడిగుడ్డతో అద్ది తీసి, సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడుగవలెను. కంటిలో చిందినచో, ముఖ్యముగా హార్డెనరు చిందినచో, పావుగంటసేపు మంచినీటిధారతో కడిగి, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

చేతొడుగులనుగూర్చి ఒక మాట. ఆసుపత్రులలో వాడు పలుచని రబ్బరు తొడుగులు ఈ పనికి చాలవు. నైట్రైల్ అను రకము జిగురును కొంతసేపు ఆపును. అయితే అసిటోన్ అదే నైట్రైల్ గుండ కొద్దినిమిషములలో లోపలికి దిగును. కావున ద్రావకముతో కడుగునప్పుడు తొడుగు తడిసినచో వెంటనే మార్చవలెను. తొడుగు వేసికొన్నాము గదా యని చేతిని ద్రావకపు డబ్బాలో ముంచరాదు.

నిప్పు సంగతి చెప్పక విడువరాదు. అసిటోన్ ఆవిరి సున్నకు దిగువన 20 డిగ్రీల చలిలో సయితము అంటుకొనగలదు. అనగా మన ఊళ్ళలో అన్ని ఋతువులలోను, అన్ని గంటలలోను అది సిద్ధముగానే యుండును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంబడి ప్రాకి, దూరమున నున్న పొయ్యిని, బీడీని వెదకుకొని పోగలదు. ఆరుబయట కడుగుడు. బీడీ తరువాత కాల్చుకొనవచ్చును.

ఇక నీటి మాట. మర్రిగూడలో నీటినిగూర్చి చెప్పుటకు మేమెంతవారము? 1937లో శార్ట్ మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు సీమలో ఫ్లోరోసిస్‌ను గూర్చి ప్రకటించిరి. ఆ జబ్బు పేరెత్తినచో నేడు దేశము తలచునది నల్లగొండను, నల్లగొండలో మర్రిగూడ ప్రాంతమును. లీటరు నీటికి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదన్న ఫ్లోరైడు, తరతరములుగా ఈ బావులలో, బోరులలో ఎంత హెచ్చుగా నుండెనో, వంగిన వెన్నులు, గారపట్టిన పండ్లు చెప్పుచున్నవి. పటిక, సున్నములతో ఫ్లోరైడును తీయుటకు నాగపూరు పరిశోధనాలయమువారు 1970 దశకమున రూపొందించిన పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టిరి. 2015 జూన్‌లో చౌటుప్పలునందు మిషన్ భగీరథకు పైలాన్ నిలిపిరి. కృష్ణాజలము గొట్టములద్వారా ఇంటింటికి రావలెనన్న ఆశకు వెనుక ఇంత కథ యున్నది. కంటికి కానరాక, నాలుకకు తెలియక, మెల్లగా లోనికి చేరు కీడు ఎట్టిదో మీకు వేరొకరు నేర్పనక్కరలేదు.

అందువలన ఈ మూడు మాటలను మీరు తేలికగా తీసికొనరని మా నమ్మకము. కడిగిన ద్రావకమును, పచ్చిజిగురును బోరు చెంతనుగాని, కుంటలోగాని, మురుగుకాలువలోగాని పోయరాదు. పచ్చి రెజిన్ జలచరములకు విషమని డబ్బామీదనే చచ్చినచేప బొమ్మ వేయుచుందురు. మిగిలిన రెజిన్‌ను, హార్డెనరును కొద్దికొద్దిగా సరియైన పాళ్ళలో కలిపి బిగియనిచ్చి, గట్టి పెంకుగా చెత్తలో వేసినచో దాని కోర పీకినట్లే. తుడిచిన గుడ్డలను కుప్పవేయక, నిప్పుకు దూరముగా విప్పి ఆరబెట్టి, పిమ్మట పారవేయవలెను.

ఖాళీయైన రెజిన్ డబ్బా బలముగా, మూతతో, చూడముచ్చటగా నుండును. దానిని కడిగి నీళ్ళకో పప్పులకో వాడుట మన పల్లెలలో సహజము. అది కూడదు. డబ్బాను పొడిచి చిల్లు చేసి పారవేయుడు. అట్లే అసిటోన్‌ను త్రాగునీటి సీసాలో పోసి గూటిలో పెట్టరాదు. చూచుటకు అదియు నీటివలెనే యుండును. పిల్లలకు ఆ భేదము తెలియదు.

త్రాగునీటి తొట్టెకు లోపలివైపున పగులు వచ్చినచో ఏ ఎపాక్సీయైనను చాలునని తలపవలదు. త్రాగునీటికి తగినదని డబ్బాపై స్పష్టముగా నున్న రకమునే తెచ్చి, వ్రాసినన్ని దినములు పూర్తిగా బిగియనిచ్చి, కడిగి, ఆ నీటిని పారబోసిన పిమ్మటనే తొట్టె నింపవలెను. పైకి గట్టిగా తగిలినంతమాత్రమున లోపల బిగిసినట్లు కాదు.

సోదరీమణులకు ఒక విన్నపము. నగరమునుండి వారమునకొకసారి వచ్చు మూటలో జిగురు మరకల అంగీ యున్నచో, ఆ మరక ఇంకను జిగటగా నున్నదా, గట్టిపడినదా చూడుడు. జిగటగా నున్నచో దానిని ముట్టక, పిల్లల బట్టలతో కలుపక, రెండుమూడు దినములు విడిగా ఎండలో వ్రేలాడదీయుడు. చక్కగా గట్టిపడిన మరకవలన సాధారణముగా భయము లేదు. ఎండలోను జిగట పోనిచో, పాళ్ళు తప్పిన జిగురని తెలిసికొని ఆ అంగీని వదలుకొనుడు. ఇంటాయన చేతికి రాని దురద ఇల్లాలి చేతికి వచ్చుట న్యాయము కాదు. నిజమునకు ఆ అంగీని ఇంటికి తెచ్చుటయే తప్పు. పనిచోటనే వేరొక అంగీ ఉంచుకొనుటకు కష్టమేమి?

మాటలు చాలును. ఈ బల్లమీద రెండు డబ్బాలు, ఒక తాపీ, పాత గుడ్డలు, సిర్కాసీసా, పెరుగుడబ్బా యొకటి యున్నవి. ఇప్పుడు కొద్దిగా కలిపి చూపెదము. మీలో ఒకరు గడియారము చూచుచుండుడు. బీడీలున్నవారు దయచేసి అవతలి అరుగుమీద పెట్టి రండు.